త్వరగా అని రాసుంటే బేగి అని చదివింది



మాది అరసవల్లి. సూర్యనారాయణస్వామి గుడి ఉన్న ఊరు. ఆదివారం వచ్చిందంటే మా వీధుల్లో కాలు పెట్టే చోటుండదు. రథసప్తమి నాటి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ గుడి దారిలో కొబ్బరికాయలూ పువ్వులూ అమ్ముకునే ఆడవాళ్లు కొందరికి నేను రాత్రిబడి చెప్పాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ తెలుగు మేస్టార్ని. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక మొదలుపెట్టిన బడి అది. ఆరుగురు వచ్చేవారు.

ఒక రాత్రి అందులో ఒకావిడ వాచకం చదువుతోంది. కొబ్బరికాయల దుకాణం ఆవిడది. యాభై ఏళ్లుంటాయి. అక్షరం కింద వేలు పెట్టి, గొంతెత్తి చదువుతోంది. పుస్తకంలో ఉన్నది ఇదీ: అమ్మ త్వరగా వచ్చింది. ఆవిడ చదివింది ఇదీ: అమ్మ బేగొచ్చీసింది.

మళ్లీ చెబుతాను, వినండి. పుస్తకంలో ఉన్నది, అమ్మ త్వరగా వచ్చింది. ఆవిడ నోట వచ్చింది, అమ్మ బేగొచ్చీసింది.

పక్కన కూర్చున్న ఆడవాళ్లెవరూ నవ్వలేదు. వాళ్లకి తేడా ఏమీ వినపడలేదు. నేను మాత్రం, ముప్పై ఏళ్ల అలవాటు కదా, "అమ్మా, మళ్లీ చదువు, తప్పొచ్చింది" అన్నాను. ఆవిడ తలెత్తి చూసింది.

"ఏటి మేస్టారూ, నానేటి తప్పు సదివినాను? అమ్మ బేగొచ్చీసిందనే కదేటి రాసున్నాది?"

నాకు నోట మాట రాలేదు. ఆవిడ అన్నది నిజమే అనిపించింది. కాదనీ అనిపించింది. ఇంటికొచ్చి ఆ రెండు వాక్యాలూ ఒకదాని కింద ఒకటి నోటుబుక్కులో రాసుకున్నాను. తేదీ వేశాను. అంతే. ఆ రెండు వాక్యాలే తరవాత ఒక పరిశోధన పత్రికలో వ్యాసమయ్యాయి. అది ఎలా అయిందో, మధ్యలో నేను ఎన్ని తిప్పలు పడ్డానో ఈవేళ మీకు చెబుతాను. మీలో బడి చెప్పేవాళ్లుంటారు. అంగన్‌వాడీ నడిపే అమ్మలుంటారు. వయోజన విద్యా కేంద్రంలో పనిచేసిన వాళ్లుంటారు. మీ నోటుబుక్కుల్లో కూడా ఇలాంటి వాక్యాలు ఉండే ఉంటాయి.

ముందు, పరిశోధన పత్రిక అంటే ఏమిటో ఒక్క నిమిషం. వారపత్రికకి కథ పంపామనుకోండి. సంపాదకుడు చదువుతారు. నచ్చితే వేస్తారు. పరిశోధన పత్రికలో సంపాదకుడు ఒక్కరే తేల్చరు. ఇది మన పత్రికలో వేయదగ్గ విషయమేనా అని చూసి, ఔననుకుంటే, ఆ విషయం బాగా తెలిసిన ఇద్దరికో ముగ్గురికో పంపుతారు. చాలా పత్రికల్లో, రాసింది ఎవరో ఆ చదివేవాళ్లకి చెప్పరు. చదివింది ఎవరో రాసినవాళ్లకి చెప్పరు. పదో తరగతి పేపర్లు దిద్దేటప్పుడు పిల్లవాడి పేరు కనపడకుండా నంబరు వేస్తారు చూడండి, అలాగన్నమాట. అందుకని వ్యాసంలో మన పేరు ఎక్కడా ఉండకూడదు. ఊరి పేరు కూడా ఉండకూడదంటారు ఒక్కోసారి. నేను మొదట "సూర్యదేవాలయం ఉన్న ఒక ఊరు" అని రాశాను. ఉత్తరాంధ్రలో అలాంటి ఊరంటే ఎవరికి తెలీదు? ఆ ముక్క కొట్టేసి "గుడి ఉన్న ఒక ఊరు" అన్నాను. లోకమంతా వెలుగిచ్చే స్వామిని కాగితం మీద దాచాల్సొచ్చింది.

సరే, నా మొదటి వ్యాసం సంగతి. ఇంగ్లీషులో నలభై పేజీలు రాశాను. వేదకాలం నుంచి ఎత్తుకున్నాను. తక్షశిల, నలంద, వీధిబడులు, మెకాలే, స్వాతంత్ర్యం, ఆ తరవాత వచ్చిన అక్షరాస్యతా ఉద్యమాలు. అన్నీ పుస్తకాల్లోంచి తీసి పేర్చాను. మా కొబ్బరికాయల ఆవిడ ముప్పై ఎనిమిదో పేజీలో వచ్చింది. అదీ ఒక్క పేరాలో వచ్చి వెళ్లిపోయింది.

పది రోజుల్లో వ్యాసం తిరిగొచ్చింది. సంపాదకుడు చదివేవాళ్లకి పంపనే లేదు. ఆయన రాసిన ఉత్తరం రెండే రెండు వాక్యాలు. మీరు చెప్పిన చరిత్ర మా పాఠకులకి తెలిసిందే అన్నది మొదటిది. ముప్పై ఎనిమిదో పేజీ దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాయగలరా అన్నది రెండోది.

రెండో వాక్యం నా మంచికే అన్నారని ఇవాళ తెలుసు. ఆ రోజు తెలీలేదు. కోపమొచ్చింది. నలభై పేజీలు చెత్తబుట్టలో వేయమంటాడా అనుకున్నాను. ఆ కోపంలో ఉండగానే ఇంకో ఉత్తరం వచ్చింది. ఇది ఈమెయిల్లో వచ్చింది. "గౌరవనీయ ప్రొఫెసర్ గారికి" అని మొదలైంది. నేను ప్రొఫెసర్ని కాను. ఏనాడూ కాలేదు. అయినా ఆ మాట చదివితే కాస్త బాగానే ఉంది సుమండీ! అదేదో అంతర్జాతీయ పత్రికట. మూడు రోజుల్లో అచ్చు వేస్తారట. కొంచెం డబ్బు కట్టాలట. కట్టాను. నలభై పేజీలూ ఉన్నవున్నట్టు పంపాను.

చెప్పినట్టే మూడు రోజుల్లో అచ్చయింది. తెరిచి చూశాను. ఇంగ్లీషు అంతా బాగానే ఉంది. తెలుగు ఉన్న చోటల్లా ఖాళీ డబ్బాలు. త్వరగా అన్న చోట డబ్బాలే, బేగి అన్న చోటా డబ్బాలే. ఎన్ని డబ్బాలు పుస్తకంలో మాటో, ఎన్ని డబ్బాలు ఆవిడ మాటో బ్రహ్మదేవుడికే తెలియాలి. ఎవరైనా ఒక్కరు చదివి ఉంటే ఈ డబ్బాలేమిటని అడిగి ఉండేవారు కదా. ఎవరూ చదవలేదు. నేను డబ్బు కట్టింది ఎవరూ చదవకుండా ఉండడానికి.

ఇలాంటి పత్రికలు లోకంలో చాలా ఉన్నాయి. గుర్తుపట్టడం ఎలా అని అడుగుతారు. మూడు రోజుల్లో వేస్తామంటే అనుమానించండి. మీరెవరో తెలియకుండానే పొగిడితే అనుమానించండి. చదవకముందే డబ్బడిగితే తప్పకుండా అనుమానించండి. మంచి పత్రికల్లో కూడా డబ్బు తీసుకునేవి ఉన్నాయి, కాదనను. కాని అవి ఎంతో, ఎందుకో ముందే బాహాటంగా రాసి పెడతాయి. డబ్బిస్తే వేస్తామని అనవు. "మాకు ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరు ఉంది" అంటారు కొందరు. అది బస్సుకి నంబరు ప్లేటు లాంటిది. ఫలానా బస్సని తెలుస్తుంది. డ్రైవరు ఎలాంటివాడో ఆ ప్లేటు చెప్పదు. మంచి పత్రికలేవో చెప్పడానికి, విశ్వవిద్యాలయాల సంగతి చూసే యూజీసీ 2018లో కేర్ అని ఒక పట్టీ పెట్టింది. 2025లో దాన్ని ఎత్తేసింది. ఇక ఎవరి కళ్లతో వాళ్లు చూసుకోవాల్సిందే. వ్యాసం పంపేముందు ఆ పత్రిక పాత సంచికలు రెండు మూడు తెప్పించి చదవండి. చదువుకునే మనుషులు అందులో కనిపిస్తున్నారా, వాళ్ల మాట వినిపిస్తోందా చూడండి.

డబ్బాల వ్యాసం చూసుకున్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పుడు గుర్తొచ్చారు గిడుగు వెంకట రామమూర్తి గారు.

ఆయన మనవాడే. ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టారు. ఆ తేదీనే ఇప్పుడు మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. వాడుక భాష కోసం పోట్లాడిన గిడుగు అందరికీ తెలుసు. నాకు ఆ రాత్రి గుర్తొచ్చింది వేరే గిడుగు. పరిశోధన పత్రికకి వ్యాసం పంపిన గిడుగు.

చిన్నప్పుడే తండ్రి పోయారు. విజయనగరంలో చదివి మెట్రిక్యులేషన్ అయ్యారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో నెలకి 30 రూపాయల జీతం మీద మేస్టారుగా చేరారు. ఆ రోజుల్లో పర్లాకిమిడి మన గంజాం జిల్లాలోది. అక్కడ పాఠం చెప్పుకుంటూ, ఎవరూ నేర్పకుండానే పాత శాసనాల లిపి నేర్చుకున్నారు. ముఖలింగం గుళ్లో శాసనాలు చదివారు. నరసన్నపేట వైపు నడగాం అని ఒక ఊరుంది. అక్కడి రాగిరేకుల శాసనం ఆయన చేతికొచ్చింది. గంగవంశపు రాజు వజ్రహస్తుడిది. శకం 979, అంటే 1057 నాటిది. మా అరసవల్లి గుడి కట్టించాడని చెప్పుకునే దేవేంద్రవర్మది కూడా ఆ గంగవంశమే.

ఆ రాగిరేకుల మీద గిడుగు వ్యాసం రాశారు. ఎక్కడికి పంపారు? అప్పట్లో దేశం మొత్తం మీద శాసనాలకి పెద్ద పత్రిక ఎపిగ్రాఫియా ఇండికా. దానికి సంపాదకుడు హుల్ట్‌జ్ అనే జర్మన్ పండితుడు. ఆ పత్రిక నాలుగో సంపుటంలో, 1896-97 నాటి దాంట్లో, ఆ వ్యాసం అచ్చయింది. పర్లాకిమిడిలో మేస్టారు రాసింది, నరసన్నపేట పక్క పల్లెలో దొరికింది, సంస్కృతం తెలిసిన యూరప్ పండితులు చదివే పత్రికలో పడింది. ఆయనకి ఈమెయిలు లేదు. చేతిలో సరైన వస్తువుంది. దాన్ని సరిగ్గా చదివే కన్నుంది.

ఇక్కడ ఒక చిన్న పని సంగతి చెప్పాలి. నా కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. శాసనాన్ని అచ్చు వేసేటప్పుడు రేకు మీద ఏముందో వరస తప్పకుండా, ఉన్నదున్నట్టు దింపుతారు. చెక్కినవాడు పొరపాటున ఒక అక్షరం తప్పు చెక్కాడనుకోండి. పైన పాఠంలో ఆ తప్పు అలాగే ఉంచుతారు. దిద్దరు. కింద, చిన్న అక్షరాల్లో, దీన్ని ఇలా చదువుకోవాలి అని వేరే రాస్తారు. పైన చెక్కినవాడి మాట. కింద పండితుడి మాట. రెండూ కలపరు.

మరోసారి చెబుతాను. పైన రాయిలో, రేకులో ఉన్నది ఉన్నట్టు. కింద మన దిద్దుబాటు. రెండూ కలపరు.

గిడుగు కొండల్లో ఉండే సవరల మాట నేర్చుకోవాలనుకున్నప్పుడు కూడా ఇలాగే చేశారు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, విన్నది విన్నట్టు రాసుకున్నారు. తరవాత సవర భాషలో పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పించారు. ఆయన సవర వ్యాకరణం 1931లోనూ, సవర నిఘంటువు 1938లోనూ అచ్చయ్యాయి. ఆ కొండల్లో తిరిగి జ్వరాల పాలై, క్వినైను మింగి మింగి చెవుడు తెచ్చుకున్నారని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. ఒక జాతి మాట వినడానికి వెళ్లిన మనిషికి చెవులు పోయాయి. ఆ తరవాత కూడా ఆయన పని ఆపలేదు. రాగిరేకు దగ్గర పట్టుబడిన అలవాటే సవర మాట దగ్గరా, ఆ తరవాత తెలుగు వాడుక మాట దగ్గరా పనికొచ్చిందని నాకనిపిస్తుంది. ఇది నా ఊహ. పండితులు ఒప్పుకోకపోతే పోనివ్వండి.

పుస్తకాల తెలుగు వేరు, పిల్లల నోట్లో తెలుగు వేరు అన్న సంగతి 1906 తరవాత మన ఉత్తరాంధ్రలోనే పెద్ద గొడవయింది. బళ్ల ఇన్‌స్పెక్టరు యేట్స్ దొర, విశాఖపట్నంలో ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలో గురజాడ అప్పారావు గారు, పర్లాకిమిడిలో గిడుగు. ఆ కథ మీరు చాలాసార్లు విన్నారు. నేను మళ్లీ చెప్పను. ఒక్కటి మాత్రం: 1919లో గిడుగు తెలుగు అని సొంతంగా ఒక పత్రిక పెట్టి ఏడాది నడిపారు. అంటే, వ్యాసాలు పంపే వైపూ కూర్చున్నారు, అందుకునే వైపూ కూర్చున్నారు.

ఆ రాత్రి నేను నా నలభై పేజీలు తీసి పక్కన పెట్టేశాను. నోటుబుక్కు తెరిచాను. పైన పుస్తకంలో వాక్యం. కింద ఆవిడ చదివిన వాక్యం. అక్కడ మొదలుపెట్టాను.

మొదలుపెట్టాక తెలిసింది, నా దగ్గర ఉన్నది ఒక్క వాక్యమేనని. ఒక్క వాక్యంతో వ్యాసం అవదు. మళ్లీ బడికి వెళ్లాను. ఈసారి చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. ఆరుగురూ చదువుతున్నప్పుడు పుస్తకంలో ఏముంది, వాళ్లు ఏమన్నారు, రెండూ రాసుకున్నాను. దిద్దలేదు. దిద్దకుండా కూర్చోవడం మేస్టరుకి ఎంత కష్టమో మీకేం తెలుసు! నాలుక చివర దాకా వచ్చేది. ఆపుకునేవాణ్ని. నాలుగు నెలలు అలా రాసుకున్నాను.

అలా రాసుకోవడానికి ముందే వాళ్ల అనుమతి తీసుకోవాలి. పత్రికలవాళ్లు తప్పకుండా అడుగుతారు. నేను ఒక కాగితం రాసుకెళ్లి చదివి వినిపించాను. మీరు చదివేది నేను రాసుకుంటాను, దాని మీద వ్యాసం రాస్తాను, మీ పేర్లు బయటపెట్టను, ఇష్టం లేకపోతే చెప్పండి, బడి మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. అందరూ సరే అన్నారు. నేను ఇంకుప్యాడు కూడా తీసుకెళ్లాను, వేలిముద్రలకి. మా కొబ్బరికాయల ఆవిడ ఆ ప్యాడు వైపు చూసి, "అదెందుకు మేస్టారూ? సంతకం ఎడతాను" అంది. పెన్ను తీసుకుని, నాలుక కొంచెం బయటపెట్టి, తన పేరూ ఇంటిపేరూ పూర్తిగా రాసింది. ప్యాడు మూత తీయకుండానే సంచిలో పెట్టేసుకున్నాను. సిగ్గేసింది.

వ్యాసం పన్నెండు పేజీలయింది. పైన సారాంశం అని నూట యాభై మాటల్లో రాయమంటారు. దాన్ని ఆఖర్న రాయండి. ముందే రాస్తే వ్యాసం దాని వెనక పడి పరిగెడుతుంది. తెలుగు మాటలు యూనికోడ్‌లో టైపు చేయించాను. డబ్బాల దెబ్బ తిన్నవాణ్ని కదా, పీడీఎఫ్ కూడా జతచేశాను. ఇంకో సంగతి. ఒకేసారి రెండు పత్రికలకి పంపకూడదు. ఒకరు కాదన్నాకనే ఇంకొకరికి. ఒకచోట అచ్చయినదాన్ని మళ్లీ కొత్తదని ఇంకోచోట ఇవ్వకూడదు. నా నలభై పేజీల్లో ఆవిడ గురించి ఒక పేరా అప్పటికే డబ్బాలతో అచ్చయింది కదా. ఆ మాట సంపాదకుడికి రాసిన ఉత్తరంలో దాచకుండా చెప్పాను. ముందు చెబితే అది సమాచారం. తరవాత వాళ్లంతట వాళ్లు కనిపెడితే దొంగతనం.

ఎక్కడికి పంపాలి అంటారా? అక్షరాస్యత మీద, భాషా బోధన మీద మన దేశంలోనే పత్రికలున్నాయి. 1939లో పుట్టిన భారత వయోజన విద్యా సంఘం ఢిల్లీ నుంచి వయోజన విద్య మీద ఒక పత్రిక తెస్తుంది. ఉదయపూర్ విద్యాభవన్ సొసైటీ, అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం కలిసి 2012 నుంచి భాషా బోధన మీద ఒక పత్రిక తెచ్చాయి. తరగతి గదిలో చూసింది రాసేవాళ్లకి దాంట్లో చోటుంది. మీ విషయం ఏదో, అది చదివేవాళ్లు ఎక్కడున్నారో చూసుకోండి.

మా వ్యాసం పంపాక నాలుగు నెలలు ఉలుకూ పలుకూ లేదు. మర్చిపోయారనుకున్నాను. మర్చిపోలేదు. ఒక రోజు ఉత్తరం వచ్చింది. ఇద్దరు చదివారు. వేస్తామనీ అనలేదు, వేయమనీ అనలేదు. మార్చి పంపండి అన్నారు. అంటే శుభవార్తేనని, తిరస్కారం కాదని నాకు తెలియడానికి ఒక రోజు పట్టింది.

మొదటి ఆయనో ఆమో, ఎవరో తెలీదు కదా, ఒక్క ప్రశ్న వేశారు. ఆవిడ చదువుతోందా, ఊహిస్తోందా?

వినండి, మంచి ప్రశ్న. ఆవిడ చదువుతోందా, ఊహిస్తోందా?

నేనేమో గుడ్‌మన్ని నమ్ముకున్నాను. కెన్నెత్ గుడ్‌మన్ అని అమెరికా పండితుడు. చదివేవాడు పుస్తకంలో ఒక మాట ఉండగా ఇంకో మాట చదివితే అది ఉత్త తప్పు కాదు, వాడి బుర్ర ఎలా పనిచేస్తోందో చూపించే కిటికీ అని 1960ల నుంచీ చెబుతూ వచ్చాడు. నాకు బాగా నచ్చింది. మా కొబ్బరికాయల ఆవిడ అర్థం పట్టుకుంది, అందుకే తన మాటలో చెప్పింది అని రాసేశాను. కాని గుడ్‌మన్‌ని అందరూ ఒప్పుకోలేదు. అక్షరాన్ని చూసి శబ్దం పట్టగలగడమే అసలు చదువు, ఊహ దాని స్థానంలోకి రాకూడదు అని గట్టిగా వాదించినవాళ్లున్నారు. నా వ్యాసం చదివిన మనిషి ఆ పక్షం కాబోలు. నాకు చిరాకేసింది. కాని జవాబు చెప్పాలంటే మళ్లీ చూడాల్సిందే.

పాత కేలెండరు వెనక తెల్లగా ఉంటుంది కదా, దాన్ని చీటీలుగా కోశాను. ఒక్కో చీటీ మీద ఒక్కో మాట రాశాను. వాక్యం లేదు, కథ లేదు, బొమ్మ లేదు. ఉత్త మాట. మా కొబ్బరికాయల ఆవిడ ముందు పెట్టాను.

త్వరగా. ఆవిడ వేలు పెట్టింది. "త... తర... తరగా." ఆగిపోయింది. "ఏటిది మేస్టారూ?"

కొబ్బరి. చదివేసింది. పువ్వులు. చదివేసింది. అప్ప. అమ్మ. చదివేసింది. అన్నిట్లోనూ వత్తులున్నాయి చూడండి. అంటే ఆవిడకి వత్తు రాకపోవడం కాదు. అక్షరానికి అదే అక్షరం వత్తయితే ఇబ్బంది లేదు. తకారం కింద వకారం వస్తే ఆగింది. విద్య అన్న చీటీ పెట్టాను. అక్కడా ఆగింది. సరే, దొరికింది, వేరే అక్షరం వత్తయితే రాదు అని నేను సంబరపడేలోగా, భక్తులకు అన్న చీటీ వచ్చింది. ఆవిడ దాన్ని చూసీ చూడగానే, "బత్తులకి" అంది. గుడి దగ్గర బోర్డు మీద రోజూ చూసే మాట అది! కకారం కింద తకారం ఉంది. అయినా ఆగలేదు.

ఆఖరి చీటీ బేగి. ఆవిడ మెల్లిగా, "బే... గి" అని కూడబలుక్కుంది. ఒక్క క్షణం ఆగింది. పకపకా నవ్వింది.

"ఈ మాట కూడా రాస్తారేటి మేస్టారూ?"

నా వ్యాసం మొత్తం అక్కడుంది. ఆ ప్రశ్నలో. ఆవిడకి యాభై ఏళ్లు. రోజుకి పదిసార్లు అనే మాట అది. దాన్ని కాగితం మీద చూడడం అదే మొదటిసారి.

చదివినవాళ్లు అడగకపోతే నేను ఆ చీటీలు కోసేవాణ్ని కాను. మొదటి ఆయనకి జవాబు రాశాను. అయ్యా, మీరన్నదే నిజం, ఆవిడ ఊహించింది. కాని ఊరికే ఊహించలేదు. తనకి పరిచయం లేని మాట దగ్గర, పరిచయం లేని వత్తు దగ్గర మాత్రం ఊహించింది. అలవాటైన మాటలో అదే రకం వత్తు ఉంటే ఇట్టే చదివింది. కాబట్టి మొదట ఇచ్చే వాచకంలో ఏ మాటలుండాలన్నది తేల్చుకోవాల్సిన సంగతి. ఇలా.

రెండో మనిషి రెండు సంగతులన్నారు. ఒకటి, ఆరుగుర్ని చూసి తెలుగు వయోజనులంతా అని రాశారేమిటి అన్నారు. నిజమే, తప్పు నాది. కొట్టేసి ఈ ఆరుగురు అని రాశాను. 2011 లెక్కల్లో మన శ్రీకాకుళం జిల్లాలో అక్షరాస్యత నూటికి దాదాపు 62, విజయనగరంలో 59. ఆ మిగిలిన వాళ్లంతా ఎంతమందో ఊహించుకోండి. ఆరుగురు వాళ్లందరి తరఫున ఎలా మాట్లాడతారు? రెండోది, బేగొచ్చీసింది లాంటి మాటలు బయటివాళ్లకి అర్థం కావు, మామూలు తెలుగులోకి మార్చండి అన్నారు. ఇది మాత్రం నేను మార్చలేదు. సవినయంగా అని మొదలుపెట్టి రాశాను. పైన ఆవిడ మాట ఉన్నదున్నట్టే ఉంచుతాను, కింద వరసలో మామూలు తెలుగు, దాని కింద ఇంగ్లీషు ఇస్తాను, శాసనాలు ఇలాగే అచ్చువేస్తారు అని. ఒప్పుకున్నారు. చదివినవాళ్లు చెప్పిందల్లా చేయక్కర్లేదు. కాని ఒక్కో మాటకీ జవాబు చెప్పాలి. చేస్తే ఎక్కడ చేశామో, చేయకపోతే ఎందుకు చేయలేదో. నా జవాబు ఉత్తరం ఆరు పేజీలొచ్చింది. వ్యాసంలో సగం!

మళ్లీ కొన్ని నెలలు. చివరికి అచ్చయింది. డబ్బాలు లేవు. బేగొచ్చీసింది అన్న మాట అచ్చులో నల్లగా, గుండ్రంగా, ముద్దుగా కనిపించింది.

కాపీ ఒకటి తీసుకుని ఆదివారం సాయంత్రం, బేరాలు తగ్గాక, ఆవిడ దుకాణానికి వెళ్లాను. ఆ పేజీ తీసి చూపించాను. ఇంగ్లీషు మధ్యలో తెలుగు వరసలు వెతుక్కుని వేలు పెట్టి చదివింది. తన వాక్యం చదివి నవ్వింది. పేజీ తిప్పింది. ఇంకో పేజీ తిప్పింది. వెనక్కి వచ్చింది. మళ్లీ మొదటి నుంచి తిప్పింది.

"ఏటి వెతుకుతున్నావమ్మా?" అన్నాను.

"నా పేరేదీ మేస్టారూ?"

చెప్పాను. పేరు వేయకూడదమ్మా, ఆ రోజు కాగితంలో చదివి వినిపించాను కదా, నీ మంచికే అన్నాను. ఆవిడ విన్నది. "సదివింది నాను కదేటి. నా పేరు నాకు రాయడం కూడా వచ్చు కదా" అంది. దానికి నేనేం చెప్పగలను? ఆ రూలు ఎందుకుందో నాకు తెలుసు. చదువుకునేవాళ్ల గుట్టు బయటపడకూడదని పెట్టిన మంచి రూలే. కాని ఆ సాయంత్రం కొబ్బరిపీచు మధ్య నిలబడి నేను దాన్ని సమర్థించలేకపోయాను.

ఆవిడ గల్లాపెట్టెలోంచి బాల్‌పెన్ను తీసింది. బేగొచ్చీసింది అన్న వరస పక్కన మార్జిన్లో, కొంచెం వంకరగా, తన పేరూ ఇంటిపేరూ పూర్తిగా రాసుకుంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గల్లాపెట్టెలో చిల్లర కింద దాచుకుంది. నాకో కొబ్బరికాయ చేతిలో పెట్టింది. డబ్బులిస్తే తీసుకోలేదు.